నలుగురి పేర్లు, ఒక్కరి పని

సెమిస్టరు చివరి వారం వచ్చిందంటే మన కాలేజీల్లో రికార్డుల జాతర మొదలవుతుంది. హాస్టలు మంచాల మీద, క్యాంటీను బల్లల మీద, బస్సులో ఒళ్లో అట్ట పెట్టుకుని, చివరికి ల్యాబ్ గుమ్మం ముందు విడిచిన చెప్పుల పక్కన కూర్చుని కూడా పిల్లలు రాస్తూనే ఉంటారు. సీనియర్ల దగ్గర్నుంచి వచ్చిన ఒక్క రికార్డు పది చేతులు మారుతుంది. అందులోని రీడింగులు ఏ ఏడు ఎవరు తీశారో అడిగేవాళ్లు ఉండరు. ఆగస్టులో చేయాల్సిన ప్రయోగాన్ని నవంబరులో రాసి, పైన ఆగస్టు తేదీ వేస్తారు. మర్నాడు బల్ల మీద కట్టలుగా పేరుకున్న రికార్డుల ముందు మాస్టారు కూర్చుంటారు. పేజీ తిప్పి సంతకం, పేజీ తిప్పి సంతకం. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన అట్ట, ఇండెక్సు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, మార్కులు వేసి, భోంచేసి వెళతారు.

అన్ని చోట్లా ఇంతేనని అనను. పట్టుబట్టి చేయించే మాస్టార్లు, రీడింగు కుదిరేదాకా ల్యాబ్ వదలని పిల్లలు ప్రతి కాలేజీలోనూ కొందరుంటారు. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగో ఫార్మసీయో బీఎస్సీయో చదివినవాళ్లలో 'ఇదేమిటి, ఇలాంటిది నేనెప్పుడూ వినలేదే' అని గుండె మీద చెయ్యేసుకుని అనగలిగేవాళ్లు ఎంతమంది?

ఇందులో అబద్ధం ఎవరిది? పిల్లవాడు వేసిన తేదీ తప్పని మాస్టారికి తెలుసు. మాస్టారు చదవకుండా సంతకం పెట్టారని హెచ్‌ఓడీకి తెలుసు. పరికరాలు సగం పనిచేయడం లేదని యాజమాన్యానికి తెలుసు. తనిఖీకి వచ్చిన కమిటీకీ తెలుసు. ఆ రికార్డుకు ఇరవైకి పంతొమ్మిది వేయించుకున్న కుర్రాడికి మల్టీమీటరు పట్టుకోవడం రాదని అతన్ని తీసుకున్న కంపెనీకి తెలుసు. అందుకే మళ్లీ నెలల తరబడి శిక్షణ ఇచ్చుకుంటుంది. అందరూ కలిసి ఆడే అబద్ధంలో ఒక సుఖముంది. అది విడిగా ఎవరి మనసునూ కుట్టదు. అందుకే దీని గురించి ఒక్కో మనిషి నీతిగా ఉండాలని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. కలిసి కట్టిన ముడిని కలిసే విప్పాలి.

ఫైనలియర్ ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి ఈ అబద్ధానికి ఒక బజారే ఏర్పడింది. అమీర్‌పేటలో ఏ సందులోకి వెళ్లినా ప్రాజెక్టు బోర్డులు కనిపించే రోజులు చూశాం. ఇప్పుడు ఆ బేరం వాట్సాప్‌లోనే అయిపోతోంది. టైటిలు, అబ్‌స్ట్రాక్టు, కోడు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులు సహా దొరుకుతాయి. బ్యాచ్‌లో నలుగురూ తలా కొంత డబ్బు వేసుకుంటారు. ఆ ప్రాజెక్టులో జరిగిన సమష్టి కృషి ఏదైనా ఉందంటే అదొక్కటే.

దీన్ని చిన్న విషయంగా తీసిపారేసేవాళ్లు ఒకసారి జీడిమెట్ల వైపో, పాశమైలారం వైపో, పరవాడ ఫార్మా సిటీ వైపో చూడాలి. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో పనిచేసేది ఎక్కువగా మన బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఫార్మసీ పిల్లలే. ఉద్యోగంలో చేరగానే వాళ్లకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి: ఏ రీడింగు ఎవరు తీశారో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, తీసినప్పుడే రాయాలి, అసలుది దాచాలి, సరిగ్గా ఉండాలి. ఇంగ్లిషు మొదటి అక్షరాలు కలిపి దీన్ని 'అల్కోవా' అంటారు. అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ఔషధ పరిశ్రమకు ఇచ్చిన డేటా మార్గదర్శకాలకు పునాది ఈ ఐదు మాటలే. కంప్యూటరులో రాసే రికార్డులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరిగిపోని ఆనవాలు ఉండాలన్న నిబంధన అంతకు చాలా ముందే, 1997లోనే వచ్చింది. వెనక తేదీ వేయడం, నచ్చని రీడింగును చింపేసి నచ్చినదాన్ని రాయడం అక్కడ పెద్ద నేరం. ఇలాంటి వాటి మీదే భారతీయ కంపెనీలకు హెచ్చరిక లేఖలు వచ్చాయి, ఎగుమతులు ఆగాయి. మూడేళ్లో నాలుగేళ్లో కాలేజీలో మనం మార్కులిచ్చి మరీ అలవాటు చేసిన పనిని ఫ్యాక్టరీ గేటు దాటగానే మానేయమంటున్నాం. చేతికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? ఆ ల్యాబులు పరీక్షించిన మాత్ర మింగేది ఎవరో పరాయి దేశపువాడే కాదు, మన ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లు కూడా.

ఇక కలిసి చేయడం గురించి. ల్యాబ్‌లో బ్యాచ్‌లు వేసేది పరికరాలు చాలక అని మనకు మనమే చెప్పుకుంటాం. అది నిజమే కానీ అదొక్కటే కారణమైతే, పరికరాలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్న చోట ఎవరికి వారే చేసుకోవాలి కదా. బయట ప్రపంచంలో ఏ పనీ అలా జరగదు. సర్వేకి వెళితే ఒకరు టోటల్ స్టేషన్ దగ్గర, ఒకరు ప్రిజం పట్టుకుని దూరంగా. ఆపరేషన్ థియేటర్‌లో అయిదారుగురు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒకరు రాసిన కోడును ఇంకొకరు చూడనిదే ముందుకు పంపరు. కలిసి చేయడం అనేది విడిగా నేర్వాల్సిన విద్య. నలుగురిని ఒక బల్ల చుట్టూ నిలబెట్టినంత మాత్రాన అది రాదు.

ఎందుకు రాదో మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు నూరేళ్ల కిందటే చూపించాడు. మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరు తాము ఒంటరిగా పెట్టే బలంలో దాదాపు సగమే పెట్టారు. 1913లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. కొంత తేడా అందరూ ఒకే క్షణాన లాగలేకపోవడం వల్ల వచ్చిందే. మిగతాది, 'వాళ్లు లాగుతున్నారు కదా' అనుకోవడం వల్ల. 1970ల చివర్లో అమెరికాలో బిబ్ లటానే, ఆయన సహచరులు చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి ఇదే విషయాన్ని మళ్లీ పరీక్షించారు. వాళ్ల తర్వాతి ప్రయోగాల్లో మనకు పనికొచ్చే సంగతి తేలింది. గుంపులో ఉన్నా ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ బద్ధకం తగ్గిపోయింది. మనుషులు పుట్టు సోమరులు కారు. చేసింది ఎవరికీ కనపడదని తెలిస్తే చేయి వెనక్కి తీస్తారు, కనపడుతుందంటే ముందుకు వస్తారు.

మన బ్యాచ్‌లో చేసింది కనపడే దారి ఏది? రిపోర్టు అట్ట మీద నాలుగు రోల్ నంబర్లు ఉంటాయి. అందులో రాత్రుళ్లు కూర్చున్నది ఒక్కరే కావచ్చు. ఆ ఒక్కరికీ ఎనభై, ఏమీ చేయనివాడికీ ఎనభై. ఈ అన్యాయం చూసిన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? పనిచేసేవాడు పిచ్చివాడని. ఇరవయ్యేళ్ల వయసులో ఆ పాఠం ఒంటబట్టాక, ఊళ్లోనూ ఆఫీసులోనూ ఉమ్మడి పని అంటే ఎవరూ ముందుకు రావడం లేదని మనం ఎంత వాపోతే ఏం లాభం?

నిజానికి ఈ చీకటిని పోగొట్టే సాధనం మన కాలేజీల్లో చాలావాటిలో ఇప్పటికే ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు రాత్రికి రాత్రి అందరం ఆన్‌లైన్ వేదికల మీదికి ఎక్కాం. గూగుల్ క్లాస్‌రూమ్, మూడుల్, టీమ్స్. రెండేళ్లు ఎలాగో గడిచాయి. తర్వాత వాటితో ఏం చేస్తున్నాం? పాత పీపీటీలు, పీడీఎఫ్‌లు పడేసే గదిగా వాడుతున్నాం. హాజరు ఎక్కిస్తున్నాం. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందంటే స్క్రీన్‌షాట్లు తీసి ఫైల్లో పెడుతున్నాం. కేంద్రం నడిపే స్వయం ఆన్‌లైన్ కోర్సుల ద్వారా ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో వెసులుబాటు ఇచ్చింది. స్వయంలోని ఎన్‌పీటెల్ కోర్సుల్లో పాఠాలు బంగారంలాంటివి. ఆ పాఠాలు చెప్పిన ఐఐటీ ప్రొఫెసర్ల శ్రమకు దణ్ణం పెట్టాలి. కానీ నూటికి 25 మార్కులుండే వారం వారం అసైన్‌మెంట్లకు జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతున్నాయని పిల్లలందరికీ తెలుసు. పాత రికార్డు చేసిన ప్రయాణమే కొత్త దారిలో సాగుతోంది. వేదిక మారింది, మనం మారలేదు.

మూడుల్ సంగతే తీసుకోండి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియామస్ అనే ఆయన తయారుచేసి, 2002లో మొదటి పూర్తి రూపం విడుదల చేశాడు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. దాని వెనక ఉన్న ఆలోచన ఏమిటంటే, నలుగురికీ చూపించడానికి ఏదైనా ఒకటి తయారు చేస్తున్నప్పుడే మనిషి బాగా నేర్చుకుంటాడని. అందుకే అందులో వికీ ఉంది, చర్చ ఉంది, బృందాలుగా పనిచేసే ఏర్పాటు ఉంది. వర్క్‌షాప్ అనే ఒక ఏర్పాటైతే మరీ ముచ్చటైనది. విద్యార్థి తన పని పెడతాడు, తోటివాళ్ల పని కొంత అతని ముందుకు వస్తుంది, ఇచ్చిన కొలమానాలతో దాన్ని దిద్దుతాడు. మార్కులు రెండు రకాలు: సొంత పనికి ఒకటి, ఇతరుల పనిని ఎంత నిజాయితీగా దిద్దాడన్నదానికి ఇంకొకటి. స్నేహితుడికి పదికి పది వేసి చేతులు దులుపుకుంటే ఆ రెండోది పడిపోతుంది. ఇంత మంచి పనిముట్టు మన కాలేజీ సర్వర్‌లో ఉండగా, దాన్ని తెరిచి చూసిన అధ్యాపకులు ఎందరో మనసులోనే లెక్క వేసుకుందాం.

కలిసి రాయడానికి మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2003 డిసెంబరు నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసం తెరిచినా 'చరిత్ర', 'చర్చ' అని రెండు పేజీలు దాని వెంట ఉంటాయి. ఏ వాక్యం ఎవరు ఎప్పుడు చేర్చారో, ఎవరు ఎందుకు తీశారో అన్నీ అక్కడ ఉంటాయి. జీతం లేని మామూలు మనుషులు రెండు దశాబ్దాలుగా అలా కలిసి రాస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు, సర్దుకుంటున్నారు. ఒక ల్యాబ్ బ్యాచ్‌కి కావలసిందీ అదే. రికార్డుకో చరిత్ర, పక్కనే ఓ చర్చ.

ఊరికే చెప్పడం కాకుండా ఒక ప్రయోగాన్ని తీసుకుందాం. బీఎస్సీ కెమిస్ట్రీలో నీటి కాఠిన్యం కనుక్కోవడం ఎప్పటినుంచో ఉంది. నీటి నమూనాకు అమోనియా బఫర్ కలిపి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి ఈడీటీఏ వదులుతారు. ద్రాక్షసారాయి రంగు పోయి నీలం తిరిగిన చోట రీడింగు. మన కాలేజీల్లో ఇది ఎలా జరుగుతోంది? ల్యాబ్ అసిస్టెంటు కలిపి ఉంచిన ద్రావణంతో అందరికీ ఒకే జవాబు రావాలి. వచ్చేదాకా రుద్దుతారు, రాకపోతే పక్కవాడి రీడింగు వేసుకుంటారు.

ఇలా చేస్తే? ఒక్కొక్కరూ తమ ఊరి బోరు నీళ్లు సీసాలో తెస్తారు. ఊరిపేరు, బోరు ఎక్కడిది, ఎంత లోతు, ఏ రోజు పట్టారు అనే వివరాలు ముందే ఉమ్మడి షీటులో ఎక్కిస్తారు. ల్యాబ్‌లో బ్యాచ్‌లో ఒకరు బ్యూరెట్ దగ్గర, ఒకరు రీడింగు చూసేవారు, ఒకరు ఫోన్లో అక్కడికక్కడే ఎక్కించేవారు, ఒకరు లెక్క కట్టేవారు. వారం మారితే పని మారుతుంది. రంగు తిరిగిన క్షణంలో బ్యూరెట్ ఫొటో ఒకటి. రెండో బ్యాచ్ అదే సీసాలోని నీటిని తమకు ముందు వచ్చిన జవాబు చూడకుండా మళ్లీ చేస్తుంది. రెండు అంకెలూ కలవకపోతే అప్పుడు మొదలవుతుంది అసలు చదువు. బుడగ మిగిలిందా, పిపెట్ సరిగా కడిగారా, రంగు తిరిగాక కూడా నాలుగు చుక్కలు పోయాయా? ఆ వాదన అంతా వేదిక మీద రాతలో ఉండిపోతుంది. సెమిస్టరు పూర్తయ్యేసరికి ఆ తరగతి ముందు ముప్పయ్యో నలభయ్యో ఊళ్ల నీటి పటం ఉంటుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కులేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. తమ ఊరు ఆ గీతకు ఏ పక్కన ఉందో తన చేత్తో తేల్చుకున్న అమ్మాయి పక్కవాడి రీడింగు కాపీ కొడుతుందా? ఎవరి ఊరి నీళ్ల సంగతి వాళ్లు అబద్ధం రాసుకోరు.

ఇందులో కొన్న వస్తువు ఒక్కటీ లేదు. ఉన్న ఫోను, ఉన్న బ్యూరెట్, ఉచితంగా దొరికే ఉమ్మడి షీటు. కావలసిందల్లా ఆ తరగతికి ముందు మాస్టారు గంటసేపు ఆలోచించడం.

ఇక్కడ ఇంకో పక్క నుంచి వచ్చే ప్రమాదం గురించీ చెప్పాలి. వేదికలున్నాయి కదా, ఇక ల్యాబ్ ఎందుకనే యాజమాన్యాలు తయారవుతున్నాయి. కేంద్ర విద్యాశాఖ సాయంతో ఐఐటీలు, మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిసి వర్చువల్ ల్యాబులు తయారుచేశాయి. ప్రయోగానికి ముందు రోజు రాత్రి వాటిలో ఒకసారి చేసి చూసుకుని రావడం ఎంతో మేలు. పరికరం తొలిసారి చూసినప్పుడు ఉండే బెదురు పోతుంది. కానీ తెర మీది బ్రెడ్‌బోర్డులో వైరు వదులుగా ఉండదు. తెర మీది ట్రాన్సిస్టరు కాలి వాసన రాదు. తెర మీద బ్యాచ్‌లో ఒకడు అలిగి కూర్చోడు. చేతిపని నేర్పేది ఈ మూడే. దూరవిద్యలో మనకున్న అనుభవం దేశంలో ఎవరికీ తక్కువది కాదు. 1982లో హైదరాబాదులో జి. రామ్‌రెడ్డి గారి నాయకత్వంలో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ, దేశంలోనే మొదటిది. పుస్తకం ఇంటికి పంపి చదువు చెప్పిన ఆ సంస్థ కూడా సైన్సు విద్యార్థులను ప్రాక్టికల్స్‌కి స్టడీ సెంటర్లకు రప్పించింది. మిషను పనికీ పొలం పనికీ పోతూ, సెలవు పెట్టుకుని బ్యూరెట్ పట్టుకోవడానికి వచ్చిన వాళ్లను చూసి, రోజూ కాలేజీకి వచ్చే పిల్లలకు మనం తెర చూపించి సరిపెట్టడం న్యాయమేనా?

కలిసి చేయడం అన్నాక ఆ కలయికలో ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో కూడా చూడాలి. ఏ కాలేజీ ల్యాబ్‌కైనా వెళ్లి ఒక మూల పది నిమిషాలు నిలబడితే కనపడుతుంది. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసిన బ్యాచ్‌లో పరికరం అబ్బాయి చేతిలో, పెన్ను అమ్మాయి చేతిలో. 'మీ రాత బాగుంటుంది కదా' అనే మెచ్చుకోలుతో ఆమెను నాలుగేళ్లూ పరికరానికి రెండడుగుల దూరంలో ఉంచుతాం. ఆమెకు మార్కులు ఎక్కువే వస్తాయి. ఇంటర్వ్యూలో సోల్డరింగ్ గన్ చేతికిచ్చినప్పుడు తెలుస్తుంది ఏం పోగొట్టుకుందో.

ఇంకో మూల పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి రెండో సంవత్సరంలో చేరిన పిల్లవాడు. బ్యాచ్ మొత్తంలో లేత్ మీద నిజంగా పనిచేసినవాడు, వెల్డింగ్ చేసినవాడు అతనొక్కడే కావచ్చు. ఇంగ్లిషు రాదన్న బెరుకుతో వెనక నిలబడతాడు. స్నేహితులే బ్యాచ్‌లుగా ఏర్పడమంటే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ర్యాంకులు ఒక పక్క, ఊళ్లు ఒక పక్క. పైకి ఎవరూ అనని కులం లెక్క కూడా ఒక పక్క. మిగిలిపోయినవాళ్లందరినీ కలిపి ఒక బ్యాచ్. వేదికలో బృందాలను కలగలిపి, ప్రతి నెలా మార్చి వేయడం రెండు నిమిషాల పని. ఎవరు ఏ పని ఎన్నిసార్లు చేశారో కనపడుతుంది కనుక, ఆ అమ్మాయి ఈ సెమిస్టరులో ఒక్కసారైనా ఆసిలోస్కోపు (సీఆర్‌ఓ) ముట్టుకోలేదని మాస్టారికి తెలుస్తుంది. తెలిశాక కూడా ఊరుకుంటే ఆ తప్పు ఇక యంత్రానిది కాదు.

భాష సంగతి. కాలేజీ వేదికలో చర్చ పేజీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని అధ్యాపకులు నిట్టూరుస్తారు. అదే పిల్లల వాట్సాప్ గ్రూపు చూడండి, అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. 'అరే, నాకు గ్రాఫ్ ఉల్టా వస్తోంది రా', 'ఆ రెసిస్టర్ కలర్ కోడ్ మళ్లీ చూడు మామా.' ఇంత మంచి సాంకేతిక చర్చ తెలుగులో జరుగుతుంటే, వేదికలో మాత్రం వ్యాకరణం తప్పని ఇంగ్లిషులోనే రాయాలని నియమం పెట్టాం. పరీక్ష ఇంగ్లిషులో రాయనివ్వండి, రిపోర్టు ఇంగ్లిషులో ఉండనివ్వండి. ప్రయోగం ఎందుకు చెడిందో మాట్లాడుకోవడానికి మాత్రం నోటికి వచ్చిన తెలుగును, తెలుగూ ఇంగ్లిషూ కలిసిన మాటను, చివరికి ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగును కూడా రానివ్వండి. వాయిస్ నోట్లు పెట్టనివ్వండి. ఆలోచన ఏ భాషలో నడుస్తుందో తప్పు ఒప్పుకోవడం కూడా ఆ భాషలోనే తేలిక.

ఇదంతా విని కొందరు భయపడతారు. ప్రతి కదలికా రాసి పెట్టడం నిఘా కాదా అని అడుగుతారు. అడగాలి కూడా. ఎవరు రాత్రి ఎన్ని గంటలకు లాగిన్ అయ్యారు, ఎన్ని నిమిషాలు పేజీ తెరిచి ఉంచారు అని లెక్కలు తీసి మార్కులు కోసే కాలేజీ ఆ వేదికను కర్రగా మార్చినట్టే. పని మీద పడిన చేతి గుర్తులు చాలు, మనిషి వెంట పడనక్కర్లేదు. ఆ గుర్తులు కూడా ముందుగా పిల్లల కళ్ల ముందే ఉండాలి, తర్వాతే మాస్టారికి. సెమిస్టరు మధ్యలో బ్యాచ్ అంతా కూర్చుని తమ చరిత్ర పేజీ తామే చదువుకుంటే, సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి.

డేటా సంగతి కూడా ఉంది. కరోనా రోజుల్లో సిగ్నల్ కోసం చెట్లెక్కిన, గుట్టలెక్కిన పిల్లలను చూశాం. అన్నకూ చెల్లికీ ఒకే ఫోను ఉంటే ఆ ఫోను ఎవరి చేతిలోకి వెళ్లిందో చెప్పనక్కర్లేదు. అందుకే ఎక్కించాల్సిన పని ల్యాబ్ గంటల్లోనే, కాలేజీ వైఫైతోనే పూర్తయ్యేలా ఉండాలి. ఇంటికి వెళ్లి రాత్రి అప్‌లోడ్ చేయమనడం పేదపిల్లకు వేసే జరిమానా.

అధ్యాపకులదీ న్యాయమైన మొరే. వారానికి బోలెడు పీరియడ్లు, పైన అడ్మిషన్ల డ్యూటీ, పరీక్షల డ్యూటీ, కాంట్రాక్టు జీతం, అదీ నెల నెలా రాదు. అలాంటి మాస్టారిని వేదికలో చర్చలు చదవమంటే ఎప్పుడు చదువుతారు? అరవై మందికి ఒక అధ్యాపకుణ్ణి నిలబెట్టి ల్యాబ్ నడపమంటున్న యాజమాన్యాలు ముందు జవాబు చెప్పాలి. వేదిక లైసెన్సు కోసం లక్షలు ఇచ్చి, ల్యాబ్‌లో రెండో అధ్యాపకుడికి జీతం లేదనడం ఏం లెక్క? రికార్డుల కట్టల మీద సంతకాలకు పోయే గంటలను ఈ పనికి మళ్లిస్తే కొంత భారం అక్కడే దిగుతుంది. అట్ట రికార్డును తప్పనిసరి చేసిన విశ్వవిద్యాలయాలు అలా మళ్లించడానికి అనుమతి ఇవ్వాలి. ఏ ఒక్క మాస్టారూ తనంతట తాను ఆ నియమాన్ని దాటలేరు. పాఠ్యప్రణాళిక సంఘాల్లో కూర్చునే పెద్దలు తదుపరి సమావేశంలో ఈ ఒక్క అంశం పెట్టమని అడుగుతున్నాను: ప్రాజెక్టు మార్కుల్లో సగం తుది రిపోర్టుకు కాక, దాని చరిత్రకు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లవాడు ప్రాజెక్టు కోసం డబ్బు అడిగితే దేనికని అడగండి. విడిభాగాలకైతే సంతోషంగా ఇవ్వండి. 'ప్రాజెక్టు సెంటర్‌లో కట్టాలి' అంటే ఇవ్వకండి. అందరూ కడుతున్నారన్నా ఇవ్వకండి. ఉద్యోగాలిచ్చేవాళ్లూ తప్పించుకోలేరు. నలుగురి బ్యాచ్ చేసిన ప్రాజెక్టు రెజ్యూమేలో కనిపిస్తే, 'ఇందులో నీది ఏది, చరిత్ర చూపించు' అని అడగడం మొదలుపెడితే చాలు, ఆ ప్రాజెక్టుల బజారు సగం మూతపడుతుంది.

ఇక విద్యార్థులు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ఆటలో మీరే చిన్నవాళ్లు. మీకంటే పెద్దవాళ్లు కట్టిన ఏర్పాటులో మీరు నడుస్తున్నారు. అయినా ఈ ముడిలో మీ చేతిలో ఉన్న కొస ఒకటుంది. బ్యాచ్‌లో పని చేయని మిత్రుడి పేరు రిపోర్టు మీద రాసేటప్పుడు అది స్నేహం అనుకుంటారు. వాడికి రేపు ఉద్యోగం పోయేది ఆ స్నేహం వల్లే. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి పేరుతోనే ఒక చిన్న భాగమైనా వాడి చేతే ఎక్కించండి. ఆలస్యమైతే కానివ్వండి. మీలో ఒకరికి అన్నీ వచ్చి, మిగతావాళ్లకు ఓపిగ్గా చూపించడం చేతకాక మొత్తం తానే చేసేస్తుంటే, అతనూ ఈ లోటులో భాగస్వామే.

కొత్త సెమిస్టరు మొదటి ల్యాబ్‌కు అధ్యాపకులు వేదికలో ఒకే ఒక్క పేజీ తెరిస్తే సరిపోతుంది. 'ఈ వారం కుదరని ప్రయోగం, ఎందుకు కుదరలేదు' అని దానికి పేరు పెట్టండి. చెడిన రీడింగును చింపకుండా అందులో పెట్టి, కారణం వెతికిన బ్యాచ్‌కు కుదిరిన బ్యాచ్‌తో సమానంగా మార్కులుంటాయని ముందే రాయండి. ఎవరూ ముందుగా రాయడానికి సాహసించరు కాబట్టి, మొదటి ఎంట్రీ మాస్టారే తన పేరుతో, ఆ రోజు తేదీతో రాస్తే మంచిది.